ఇంటెంట్, ఇంటెన్షన్, మోటివ్, పర్పస్

సంకల్పాన్ని తెలిపే ఈ నాలుగు ఇంగ్లిషు మాటలనూ తెలుగు వాడుక తరచు ‘ఉద్దేశం’ ఒక్కదానితోనే సరిపెడుతుంది. ‘నా ఉద్దేశంలో’ అన్నప్పుడు అదే మాట అభిప్రాయం కూడా అవుతుంది.

ఇంటెంట్, ఇంటెన్షన్ రెండింటికీ మూలం ‘సాచు’ అనే అర్థమున్న లాటిన్ క్రియే. రెండూ ఫ్రెంచి మీదుగా వచ్చాయి. వీటిలో ఇంటెంట్ కాస్త పాతదిగా కనిపిస్తుంది. అది చట్టానిదీ, రెండోది వ్యవహారానిదీ అని కొందరి విభజన. కానీ 1860 నాటి భారత శిక్షాస్మృతే అక్రమ ప్రవేశం సెక్షన్లో ఒకటి, నరహత్య సెక్షన్లో మరొకటి వాడింది. కాబట్టి దీన్ని నియమం అనేకన్నా మొగ్గు అనడం మేలు.

మోటివ్ సంగతి వేరు. ఇది ‘కదిలించు’ నుంచి పుట్టింది. 1956లో సుప్రీంకోర్టు తేల్చిన బస్‌దేవ్ కేసు ఇక్కడ బాగా పనికొస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర, తాగి ఉన్న ఒక మాజీ జమాదారు తాను కూర్చునే చోటు కోసం కాస్త పక్కకు జరగమంటే ఒక కుర్రాడు జరగలేదు; జమాదారు పిస్తోలు తీసి కడుపులో కాల్చాడు. ఉద్దేశాన్ని పుట్టించేది మోటివ్, ఫలితం ఎలా ఉంటుందో ఎరిగి ఉండటం నాలెడ్జ్, ఇంటెన్షన్ ఈ రెండింటికీ భిన్నమని కోర్టు వివరించింది. మత్తు వాదన నిలవలేదు, హత్యానేరం ఖాయమైంది. సీటు కోసం జరిగిన గొడవను మోటివ్ అనడానికి మనసొప్పకపోయినా, తుపాకీ గురిపెట్టిన చోటే ఇంటెన్షన్ కనబడుతుంది.

శిక్షాస్మృతి 34వ సెక్షన్లోని ‘కామన్ ఇంటెన్షన్’ 1870 సవరణతో చేరింది. ఇద్దరికీ ఒకేలాంటి ఉద్దేశం ఉన్నంత మాత్రాన అది ఉమ్మడి ఉద్దేశం కాదని 1945లో మహబూబ్ షా కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. 2024 దాకా అమల్లో ఉన్న అదే స్మృతి 149వ సెక్షన్లోని ‘కామన్ ఆబ్జెక్ట్’కు మాత్రం ముందస్తు ఒప్పందం అక్కర్లేకపోయింది.

పర్పస్ మీద న్యాయవాదులకన్నా తత్త్వవేత్తలదే సూక్ష్మమైన పరిశీలన. జె.ఎల్. ఆస్టిన్ మరణానంతరం 1966లో వెలువడిన వ్యాసం ఇంటెన్షనల్లీ, డెలిబరేట్లీ, ఆన్ పర్పస్ అనే మూడింటినీ విడదీసింది. అప్పు కట్టమని పట్టుబడితే బాకీదారు దివాలా తీస్తాడని తెలిసీ, డబ్బు అవసరం కొద్దీ అడిగినవాడి ఉదాహరణ అందులోదే. అతణ్ని ముంచడం ఉద్దేశం కాదు, కానీ తెలిసి తెలిసీ ముంచాడు. ఈ తేడాను ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న కోర్టు మాట చెరిపేస్తుంది. ‘తెలిసి తెలిసి’, ‘కావాలని’, ‘పనిగట్టుకుని’ అనే ఇంటి మాటలు మాత్రం దాన్ని పట్టుకుంటాయి. ఆన్ పర్పస్‌కు దగ్గరిది బహుశా చివరిదే.