తొమ్మిది వేరు, ఐదు వేరు

మక్కా మసీదుకు పునాది పడింది 1614లోనా, 1617లోనా అని మా లాల్‌దర్వాజా, శాలిబండ పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటారు. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టాడనీ, ఔరంగజేబు కాలంలో పూర్తయిందనీ అందరూ ఒప్పుకుంటారు. ఆ మూడేళ్ల తేడా దగ్గరే ఎవరూ తగ్గరు, నేనూ తగ్గను. కానీ అదే మసీదు దగ్గర, మన కళ్లముందు జరిగిన దానిలో ఒక లెక్క తప్పుగా పాతుకుపోతుంటే మనలో ఒక్కరూ నోరు విప్పడం లేదు.

ఈమధ్య మా వీధి కుర్రవాళ్లు బస్తీ చరిత్ర మీద చిన్న పుస్తకం వేస్తామని రాతప్రతి తెచ్చి చూపించారు. అందులో '2007 మే 18న మక్కా మసీదు పేలుడులో 14 మంది చనిపోయారు' అని ఉంది. కొట్టేశాను. వాళ్లు ఊరుకోలేదు. పాత వ్యాసాలు ముందు పెట్టి, అందరూ ఇలాగే రాశారు కదా అన్నారు. అందరూ రాసిందే తప్పు. పేలుడులో చనిపోయింది తొమ్మిది మంది. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఐదుగురు. రెండూ కూడితే పద్నాలుగు వస్తుంది, నిజమే. కానీ చరిత్రలో ఆ కూడిక చేయకూడదు.

ఆ రోజు శుక్రవారం. మే ఎండ. జుమా నమాజు వేళ వజూఖానా దగ్గర బాంబు పేలింది. చప్పుడు మా గల్లీ దాకా వినిపించింది. ఎవరో గ్యాసు సిలిండరు అన్నారు. కాసేపటికి శాలిబండ వైపు షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దిగాయి. ఆ తర్వాత వినబడిన చప్పుళ్లు వేరు. అవి తుపాకులవని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నెత్తురు చూసి రగిలిన జనం రాళ్లు రువ్వారు, పోలీసులు కాల్చారు. దేవుడి ముందు మోకరిల్లడానికి ఇల్లు వదిలినవాళ్లలో కొందరు బాంబుకు పోయారు, బయట వీధిలో ఉన్నవాళ్లలో కొందరు తూటాకు పోయారు. చెవులున్న మా బస్తీకి ఆ రెండు చప్పుళ్ల తేడా తెలుసు. కాగితం మీదికి వచ్చేసరికి అవి ఒకటెలా అయ్యాయి?

పేలుడు లేకపోతే కాల్పులే లేవు కదా, కలిపి రాస్తే తప్పేంటని నాతో వాదించిన మిత్రులున్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. బాంబు పెట్టినవాడు మనకు శత్రువు. యూనిఫాం వేసుకున్నవాడు మన జీతగాడు, మనకు లెక్క చెప్పవలసినవాడు. ఇద్దరి పద్దూ ఒకే గీత కింద వేస్తే రెండోవాణ్ని లెక్క అడిగే దారి మూసుకుపోతుంది. ప్రభుత్వం కూడా వీటిని కలపలేదు. బాంబు కేసు సీబీఐకి, అక్కడినుంచి ఎన్ఐఏకి వెళ్లింది. కాల్పుల మీద జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. ఆ నివేదిక సర్కారుకు చేరింది కానీ, ఏళ్లు గడిచినా జనం చేతికి రాలేదు. నివేదిక అందని చోట కనీసం లెక్కైనా సరిగ్గా ఉండాలి.

తర్వాతి నెలలు ఇంకా బరువైనవి. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగాక ఆ బరువు రెట్టింపయింది. ఆ రోజుల్లో మా గల్లీల్లో 'అరెస్టు' అన్న మాట వినబడలేదు. తెలుగు ఇళ్లలో 'ఎత్తుకపోయిండ్రు' అన్నారు, ఉర్దూ ఇళ్లలో 'ఉఠా లేగయే' అన్నారు. అరెస్టుకు కాగితం ఉంటుంది, ఎత్తుకపోవడానికి ఉండదు. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది: పట్టుకున్నప్పుడు మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లో, ఆ వీధిలో ఒక పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, అయినవాళ్లకు కబురు చేయాలి. ఈ వీధిలో నేను పుట్టి పెరిగాను. అలాంటి కాగితం మీద సంతకానికి నన్ను పిలిచినవాళ్లు లేరు, పిలిచారని ఇరుగుపొరుగు చెప్పగా వినలేదు.

ఎత్తుకపోయిన కుర్రాళ్లను ఏం చేశారో చెప్పడానికి నా మాట అక్కర్లేదు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ జైలులో వాళ్లను కలిసి, ఒంటి మీద గాయాలు చూసి, చిత్రహింసలు పెట్టారని నివేదిక ఇచ్చారు. కరెంటు షాకుల సంగతి అప్పుడే బయటికొచ్చింది. కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలాయి. 2012 జనవరిలో ప్రభుత్వం 20 మందికి మూడేసి లక్షలు, మరో 50 మందికి ఇరవైవేలేసి పరిహారం ప్రకటించింది. వీళ్లకు ఈ కేసుతో సంబంధం లేదని ధ్రువపత్రాలూ ఇచ్చింది.

నాకు శాసనాలంటే ప్రాణం. చార్మినార్ చుట్టూ రాతి మీద అక్షరం కనిపిస్తే ఆగకుండా వెళ్లలేను. మా పాతబస్తీ శాసనాల్లో నేను ఆ ధ్రువపత్రాన్నీ చేరుస్తాను. నిరపరాధిని పట్టుకున్నామని సర్కారు తన చేత్తో రాసుకున్న కాగితం ఈ ఊళ్లో మరొకటి నేను చూడలేదు. అయితే 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టివేసి, ఇచ్చిన డబ్బు తిరిగి వసూలు చేయమంది. బాంబు కేసులో స్వామి అసీమానంద సహా ఐదుగురిని 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు నిర్దోషులని వదిలింది. అంటే తొమ్మిది మందిని చంపినవాళ్లెవరో ఇవాళ్టికీ తేలలేదు. ఐదుగురి సంగతి చెప్పవలసిన నివేదిక మూసే ఉంది.

ఇదంతా 'పాతబస్తీ గొడవ' అని ఒక్క మాటలో తేల్చేసే రచయితలంటే నాకు కోపం. 1978లో రెండో ఆట సినిమా చూసి ఇంటికి వెళ్తున్న ఆలుమగలను పట్టుకుని, భార్యను చెరిచి, రిక్షా తొక్కుకునే భర్తను కొట్టి చంపింది మూసీకి అవతల, నల్లకుంట ఠాణాలో. ఊరు ఊరంతా లేచింది, అప్పుడూ కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. కేసు రాయచూరుకు మారింది, 1981లో అందరూ విడుదలయ్యారు. లాఠీకి మూసీ ఒడ్డు ఇటా, అటా అన్న తేడా లేదు. దెబ్బతిన్నవాళ్లు పేదవాళ్లు కావడం ఒక్కటే రెండుచోట్లా ఉంది.

ఇక మిగిలిన గాయం గురించి. మా పాత ఇళ్లకు గుమ్మం పక్కన అరుగు ఉంటుంది, మా పక్కింటివాళ్లు దాన్ని చబుత్రా అంటారు. రాత్రి అన్నాలు తిన్నాక మాటలన్నీ అక్కడే. బోనాలకు బాజాలు ఎవరు మాట్లాడాలో, రంజాన్‌కు హలీం ఎవరింట్లో వండాలో అరుగు మీదే తేలేది. తర్వాతి ఏళ్లలో 'మిషన్ చబుత్రా' పేరుతో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను ఠాణాకు తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి మందలించడం మొదలైంది. మంచికే అన్న తల్లిదండ్రులూ ఉన్నారు, కాదనను. కానీ 2007 చూసిన గల్లీలో జీపు ఆగితే తల్లి గుండె హితవు కోసం ఎదురుచూడదు. కొడుకును లోపలికి లాగి తలుపేస్తుంది. అలా ఒక్కో అరుగూ ఖాళీ అయింది. ఇప్పుడు వాటిని కొట్టి షట్టర్లు పెడుతున్నారు. గడియార స్తంభం కూలితే పత్రికల్లో రాస్తాం. అరుగు పోతే ఎవరికీ పట్టదు.

కుర్రవాళ్లు నా మాట విన్నారు. రాతప్రతిలో ఇప్పుడు రెండు వాక్యాలున్నాయి: పేలుడులో తొమ్మిది మంది, పోలీసు కాల్పుల్లో ఐదుగురు. ఆ పేజీ ఇంకా నిండలేదు. ఆ ఐదుగురి ఇళ్లవాళ్లు చెప్పదలిస్తే వాళ్ల పేర్లు, చెప్పిన మాటలు అచ్చంగా వేస్తాం. ధ్రువపత్రం ఇంకా ట్రంకుపెట్టెలో దాచుకున్న తల్లులుంటే, పేరు బయట పెట్టకుండా నకలు రాసుకుంటాం. సింహవాహిని మహంకాళి గుడి వీధిలో అడిగితే మా ఇల్లు ఎవరైనా చూపిస్తారు. మా అరుగు నేను కొట్టించలేదు. దాని మీద కూర్చుని రాసుకుందాం.