పడవపై సూర్యవిద్యుత్తు

తీరము విడిచిన పడవకు విద్యుత్తు ఎక్కడినుండి వచ్చును? లంగరు వేసిన రాత్రి ఇతర నౌకలు వచ్చి గుద్దుకొనకుండ దీపము వెలుగవలెను. ఆపదలో రేడియో పలుకవలెను. చిన్న పడవలలో ఇవి సాధారణముగా 12 వోల్టుల బ్యాటరీపై నడచును. దానిని నింపుటకు ఇంజను త్రిప్పవలెను. ఇంజను కదలుటకు మరల బ్యాటరీయే కావలెను. నడిసముద్రమున అది వట్టిపోయినచో నావికుని అవస్థ చెప్పనలవి కాదు.

1954 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఛాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాను సౌరఘటమును నిర్మించిరి. మీదపడిన ఎండలో సుమారు 6 శాతమును అది విద్యుత్తుగా మార్చెను. వెల మాత్రము పడవవాని కందునది కాదు. 1958 లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహముతో అది ఆకాశమున కెగసెను గాని, సముద్రమునకు దిగుటకు ఇంకను కాలము పట్టెను. 1966 లో జపానులోని ఒగామి దీవి దీపస్తంభమునకు 225 వాట్ల ఫలకములు అమర్చిరి.

1970 దశకమున ఎలియట్ బెర్మన్ అను శాస్త్రజ్ఞుడు, ఎలక్ట్రానిక్సు పరిశ్రమ త్రోసివేసిన సిలికాను బిళ్లలతో ఘటములు చేయించి, వాటుకు 100 డాలర్లున్న ధరను 20 డాలర్లకు దింపెను. మెక్సికో సింధుశాఖలోని చమురు వేదికల హెచ్చరిక దీపములకు అవి వెంటనే పనికివచ్చెను. అంతకుముందు అచ్చట బరువైన బ్యాటరీలు వాడి, అయిపోయినవానిని సముద్రములోనే పడవేయుచుండిరి!

ఇక పడవ సంగతి. ఒక్కొక్క ఘటము సుమారు అర వోల్టు నిచ్చును. కావున 36 ఘటములను వరుసగా కలిపిన 18 వోల్టులగును. 12 వోల్టుల బ్యాటరీకి ఇంత యేల? అది నిండుటకు 14 వోల్టులకు పైగా కావలెను. పైగా ఎండకు ఘటము వేడెక్కిన వోల్టేజి తగ్గును. వరుసలో కలుపుటచే మరొక చిక్కు గలదు. ఒకే కాలువపై నున్న తూములలో ఒకటి మూసినను నీరు ఆగునట్లు, ఒక్క ఘటముపై నీడ పడినను ప్రవాహము సన్నగిల్లును. ఘటములను గుంపులుగా విభజించి డయోడులతో ప్రక్కదారి కల్పించుట ఇందుకే. అప్పుడు నీడపడిన గుంపు తప్ప తక్కినవి పనిచేయును.

తెరచాప కొయ్య నీడ తప్పించుకొనుట పడవలో సులభము కాదు. లంగరుపై నున్న పడవ గాలిని బట్టి తిరుగును; ఉదయము ఎండలోనున్న చోటు మధ్యాహ్నమునకు నీడలో పడును. అందుచే చేత నెత్తి మార్చగల ఫలకము నావికునికి ప్రియమైనది. గాలికి ఎగిరిపోకుండ త్రాటితో కట్టవలెను. తీగల అతుకులకు ఉప్పునీరు తగులనీయరాదు. 50 వాట్ల ఫలకము, నాలుగు గంటల నిండు ఎండలో 200 వాట్-గంటలు కూర్చును. 10 వాట్ల దీపము రాత్రి 12 గంటలు వెలుగుటకు 120 చాలును. ముసురు పట్టిన దినమున మాత్రము ఇంజనే గతి.

2010 లో మొనాకో నుండి బయలుదేరిన ప్లానెట్‌సోలార్ అను నౌక, 500 చదరపు మీటర్లకు మించిన ఫలకములతో భూమిని చుట్టి 2012 మే నెలలో తిరిగి వచ్చెను. నీడ వేయుటకు దానికి తెరచాపయే లేదు.