పసుపు, అర్దళం, ట్యూబు

మొన్న సంక్రాంతి సెలవలకి మా అక్కయ్య మనవరాలు బెజవాడ నుంచి తెనాలి వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతోంది. ముగ్గు వేద్దాం రమ్మంటే రాదు, అరిసె పెడితే తినదు. నూనె సరుకు తింటే మొటిమలొస్తాయిట! పొద్దస్తమానం పెరట్లో నూతిగట్టు పక్కనున్న అద్దం ముందు నిలబడి చెంపలు నిమురుకోవడమే పని. నాలుగోనాడు నా పక్కన చేరి, "చిన్నమ్మమ్మా, మీ రోజుల్లో మొటిమలు ఉండేవి కావా? నీ పెళ్ళి ఫోటోలో మొహం ఎంత నున్నగా ఉందో!" అంది.

నాకు నవ్వాగలేదు. ఆ నునుపు నాది కాదు, ఫోటో స్టూడియో ఆయనది. ఆ రోజుల్లో నెగెటివుని దీపానికి ఎదురుగా పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొహం మీది మచ్చలన్నీ పూడ్చేసేవారు. 'టచింగ్' అనేవారు దాన్ని. ఇప్పుడు మీ ఫోన్లు చేసే పనే! ఆ ఫోటో తీసేనాటికి నా గడ్డం మీద మూడు మొటిమలు, అంతకు ముందువి గిల్లిన పాపానికి రెండు మచ్చలు ఉన్నాయి.

"మరి ఏం పూసుకునేవాళ్ళు?" అంది. చెప్పడం మొదలుపెడితే ఆ పూటంతా పట్టింది.

నువ్వు ఎక్కి వచ్చిన రైలు దుగ్గిరాల మీదుగానే వచ్చిందే పిల్లా, అన్నాను. పసుపు వ్యాపారానికి దేశంలో పేరున్న ఊరు. దుంపలు తవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, మెరుగుపట్టి యార్డుకి తెస్తారు. అది కూరకీ, గడపకీ. మొహానికి మాత్రం కస్తూరి పసుపు. దాని వాసన వేరు, రంగు కూడా అంతగా అంటుకోదు. సాన మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి అరగదీస్తే వచ్చిన గంధం లాంటిది మొహానికీ పాదాలకీ రాసుకునేవాళ్ళం. ఆదివారం వచ్చిందంటే నలుగు. శనగపిండి, గంధకచ్చూరాలు, బావంచాలు, ఎండిన గులాబి రేకులు కలిపి దంచిన పిండిని నువ్వులనూనె రాసిన ఒంటి మీద రుద్దేవారు. రుద్దేవారంటే మా అమ్మ చెయ్యి! చర్మం ఊడి వస్తోందేమో అనిపించేది. ఆ తర్వాత కుంకుడురసం కళ్ళలో పడి ఏడుపు. అందానికి అంత ఖర్చేమీ లేదు గానీ కన్నీళ్ళు మాత్రం అప్పుడూ ఉన్నాయి.

ఈ పసుపు సంగతిలో ఒక తమాషా కూడా జరిగింది. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రానికి పసుపు గాయాలు మాన్పుతుందంటూ పేటెంటు ఇచ్చేశారు. మన సి.ఎస్.ఐ.ఆర్. వాళ్ళు పాత గ్రంథాలు పట్టుకెళ్ళి, ఇది మా వంటింట్లోదే మహాప్రభో అని నిరూపించి 1997లో రద్దు చేయించారు. దుగ్గిరాలలో ఏ ముసలమ్మని అడిగినా ఆ ముక్క చెప్పేది! అలాగని పసుపు సర్వరోగ నివారిణి అని నేను అనను. మొటిమల మీద నలుగు పెట్టి బరబరా రుద్దితే అవి మరింత రేగుతాయని నా గడ్డమే సాక్ష్యం.

మా అమ్మమ్మ తరానికి మొటిమ ఒక లెక్కలోది కాదు. వాళ్ళ భయమల్లా స్ఫోటకం. 'అమ్మవారు పోసింది' అనేవాళ్ళు. ప్రాణం దక్కినా మొహం దక్కేది కాదు. మా అమ్మమ్మకి ఒక అక్క ఉండేది, చక్కని కనుముక్కు తీరు. పన్నెండో ఏట అమ్మవారు పోసి మొహమంతా గుంటలు పడితే, మంచి సంబంధం అనుకున్నది తప్పిపోయి రెండోపెళ్ళి వాడికిచ్చారు. ఆవిడ ఏ పెళ్ళికి వెళ్ళినా స్తంభం చాటున కూర్చునేదట. ఇంగ్లండులో జెన్నరు టీకా కనిపెట్టింది 1796లో. మన దేశంలో మొదటి టీకా 1802లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకి వేశారు. అయినా ఆ జబ్బు మన దేశం వదిలిపోయేసరికి 1975 వచ్చింది. ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. నా జబ్బ మీద రూపాయి బిళ్ళంత టీకా మచ్చ ఉంది. దాన్ని దాచుకోవడానికి పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్న రోజులున్నాయి, అమాయకత్వం కాకపోతే! జబ్బ మీద ఆ మచ్చ పడబట్టే కదా మొహం మీద పడలేదు!

అసలు అలంకారమంటే ఏమిటో ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళకి చూపించిన గురువు ఒక మగాయన అంటే మా పిల్ల నమ్మలేదు. స్థానం నరసింహారావుగారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన పుట్టింది బాపట్లలో, 1902లో. 1920లో ఆ ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషం వేయవలసిన మనిషి రాలేదు. ఆ లోటు తీర్చడానికి ఈ కుర్రాడు చీర కట్టాడు. ఆ కట్టిన చీర మరి నలభై ఏళ్ళు విడవలేదు. తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి - ఎన్ని వేషాలు! 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో వెళ్ళిపోయారు. తన నటన అనుభవాలు 'నటస్థానం' అని పుస్తకంగా రాశారు కూడా.

పరువైన ఇంటి ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కకూడదన్న కాలం కాబట్టి మగవాళ్ళే ఆడవేషాలు వేసేవారు. అది అందరూ చేసిందే. ఈయన గొప్ప ఏమిటంటే, సత్యభామ అందం వేరు, చిత్రాంగి అందం వేరు, మధురవాణి అందం వేరు అని తెలిసి చేశారు. కట్టు వేరు, నడక వేరు, చూపు వేరు. మా అమ్మమ్మ ఆయన సత్యభామని తెనాలిలోనే చూసిందట. ఆవిడ మొహం రంగు గురించి ఎప్పుడూ ఒక్క ముక్క చెప్పలేదు. జడ ముందుకి వేసుకోవడం, తల ఒక్క రవ్వ పక్కకి తిప్పి ఊరుకోవడం - ఇవే చెప్పేది. నాటకం చూసి వచ్చిన మర్నాడు వీధిలో ఆడవాళ్ళు కుచ్చెళ్ళు పెట్టడం మార్చేశారని కూడా చెప్పి నవ్వేది. అందులో ఎంత నిజమో ఎంత ముచ్చటో గానీ, మగవాడు కట్టిన చీర చూసి ఆడవాళ్ళు చీర కట్టు దిద్దుకున్నారంటే నాకు మాత్రం నమ్మాలనే ఉంది.

"ఆయన మేకప్పు ఏం వేసుకునేవారు?" అంది మా పిల్ల. దానికి కావలసింది అదే! ఆయన సంగతి నాకు తెలియదు గానీ పాతకాలపు వేషగాళ్ళు మొహానికి అర్దళం పూసేవారు. పచ్చగా మెరిసే ఖనిజం. గ్యాసులైట్ల వెలుతురులో మొహం బంగారంలా కనపడేది. మన భాషలో 'అర్దళం' అంటే వేషం రంగు అన్నట్టే వాడుక పడిపోయింది. కాని అది గంధకంతో కలిసిన ఆర్సెనిక్కు, అంటే పాషాణం. నాటకం అయ్యాక కొబ్బరినూనె పెట్టి తుడుచుకునేవారు. ఏళ్ళ తరబడి పూసుకున్న చర్మం ఏమవుతుందో ఎవరడిగారు కనక! చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్ళకి వేషం కిందనున్న మొహంతో పనేముంది.

ఆ తర్వాత సినిమా వచ్చింది. తెనాలి నుంచి వెళ్ళిన కాంచనమాల 1938లో మాలపిల్ల, మర్నాడు ఏడు వందేమాతరం, 1940లో ఇల్లాలు సినిమాలతో ఊరూరా తెలిసిపోయింది. క్యాలెండర్ల మీద ఆవిడ బొమ్మ. మా పుట్టింట్లో ఒక క్యాలెండరు సంవత్సరం అయిపోయాక కూడా గోడ దిగలేదట. అప్పటి సినిమాకి రంగు లేదు కదా, నలుపూ తెలుపే. ఆ వెలుగులో నటి మొహమంతా తెల్లగా మెరిసేది. ఆడపిల్లలు అది చూసి వచ్చి ఇంట్లో అద్దం చూసుకునేవారు. పాపం, ఆవిడ కథ ఏమైంది? 1942లో బాలనాగమ్మ తర్వాత మనసు చెదిరి తెరకి దూరమై, దాదాపు నలభై ఏళ్ళు మౌనంగా బతికి 1981లో పోయింది. అంత అందం ఆవిడని కాపాడలేకపోయింది.

సినిమాతోపాటే స్నోలూ పౌడర్లూ వచ్చాయి. అఫ్ఘాన్ స్నో బొంబాయిలో పాటన్‌వాలా అనే ఆయన 1919లోనే తీశాడు. 1952లో టాటా వాళ్ళు లాక్మే మొదలుపెట్టారు. ఆ పేరు మన లక్ష్మే, ఫ్రెంచి యాస పట్టిందంతే. మా అమ్మ దగ్గర ఒక స్నో సీసా ఉండేది. పెట్టెలో పట్టుచీరల మధ్య. పెళ్ళికి వెళ్ళేటప్పుడే మూత తీసేది. చిటికెనవేలితో కాస్త తీసి, రెండు చెంపలకీ సరిపెట్టి, మిగిలింది నా ముక్కుకి రాసేది.

నేను చామనచాయ. ఆ మాట ఇప్పుడు తేలిగ్గా అంటున్నాను గానీ అప్పుడు మా నాన్నగారు సంబంధాలకి రాసే ఉత్తరాల్లో ఆ మాట దగ్గరే కలం ఆగేది. "చామనచాయ, కళగల మొహం" అని రాసేవారు. పెళ్ళిచూపులు ఎప్పుడూ దీపాలు పెట్టాకే. ఎందుకమ్మా అంటే, సాయంత్రమైతే చల్లగా ఉంటుంది అనేది మా అమ్మ. అసలు సంగతి నాకు తెలుసునని ఆవిడకీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎప్పుడూ పైకి అనుకోలేదు. మూడు సంబంధాలు వచ్చి పోయాయి. నాలుగోసారి వచ్చినాయన మిట్టమధ్యాహ్నం దిగారు, రైలు ఆలస్యమై! ఆయనే మీ చిన్నతాతయ్య, అన్నాను మా పిల్లతో.

1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చాక ఈ దీపాల పని ట్యూబు తీసుకుంది. ఆరు వారాల్లో తెలుపు అని ఆశ. నేనూ కొన్నాను, ఎందుకు దాచాలి! 2020లో కంపెనీ వాళ్ళు ఆ 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పెట్టారు. ట్యూబు మీదనుంచి తెలుపు పోయింది, పెళ్ళి ప్రకటనల్లోంచి మాత్రం ఇంకా పోలేదు. మధ్యలో స్టిక్కరు బొట్లు వచ్చాయి. కొన్నిటి జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల బొట్టు పెట్టిన చోట చర్మం తెల్లబడిపోతుంది. తెల్లబడాలని అంత తపించిన నాకు చివరికి నుదుటి మీద బొట్టంత మేర ఆ కోరిక తీరింది. డాక్టరమ్మ చెప్పాక మళ్ళీ కుంకుమకి మారాను.

ఇంతసేపూ విన్న మా పిల్ల లేచి వెళ్ళి సంచిలోంచి ఒక చిన్న ట్యూబు తెచ్చింది. స్నేహితురాలు చెబితే ఒక మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చారట. నాలుగు నెలలుగా రాస్తోంది. మొదటి నెల మొహం వెలిగిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత బుగ్గలు ఎర్రబడ్డాయి, సన్నటి నూగు వెంట్రుకలు వచ్చాయి, మొటిమలు ఇంతకు ముందుకన్నా ఎక్కువయ్యాయి. రెండు రోజులు మానేస్తే మంట. మంట తగ్గాలని మళ్ళీ అదే రాస్తోంది. "అమ్మకి చెప్పలేదు చిన్నమ్మమ్మా," అని ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది నాకు, మూడు రోజులూ అద్దం ముందు చేసింది షోకు కాదని.

కళ్ళజోడు పెట్టుకుని ట్యూబు మీది అక్షరాలు చదివాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటజోన్. ఆ మూడోది స్టీరాయిడు. ఇలాంటి పైపూత స్టీరాయిడ్లు పద్నాలుగింటిని 2018లో డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. అయినా పిల్ల చేతికి ఎలా వచ్చిందంటే ఏం చెప్పను. అర్దళం పూసుకున్నవాళ్ళకి నాటకం అయ్యాక తుడుచుకునే వీలన్నా ఉండేది.

మర్నాడే వాళ్ళమ్మకి ఫోను చేసి, గుంటూరులో చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పిల్లని కోప్పడలేదు, అది నాకు నచ్చింది. ఈ వయసులో ఒంట్లో హార్మోన్లు పెరిగి చర్మం కింద నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయట. ఆ నూనె బయటికి వచ్చే రంధ్రం పూడుకుపోతే లోపల సూక్ష్మజీవులు చేరి మొటిమ అవుతుంది. మురికి వల్ల కాదు, రోజుకి పదిసార్లు కడిగితే పోదు. స్టీరాయిడు ఆ వాపుని పైపైన అణిచి, లోపల చర్మాన్ని పల్చబరుస్తుంది. ఎలా మానాలో తను చెప్పినట్టే మానాలని, చర్మం కోలుకోవడానికి నెలలు పడుతుందని, ఎండలోకి వెళ్తే పూతా గొడుగూ తప్పనిసరని చెప్పింది. "మరి కస్తూరి పసుపు?" అని నేనడిగాను, ఊరుకోలేక. ప్రస్తుతానికి ఆ మొహం మీద ఏమీ వద్దండీ అంది. "నూనె సరుకో?" అని మా పిల్ల అడిగింది. నూనె వల్ల కాదు, తీపి మరీ ఎక్కువైతే కొందరికి మొటిమలు పెరగవచ్చు అంది డాక్టరమ్మ. అరిసె ఆ లెక్కన కూడా దోషే కదా అని దారి పొడుగునా నవ్వుకున్నాం.

ఉగాదికి మళ్ళీ వచ్చింది. చెంపల ఎరుపు పూర్తిగా పోలేదు, నుదుటి మీద మొటిమలు రెండున్నాయి. మంట మాత్రం తగ్గిందట. పొద్దున్నే నూతిగట్టు దగ్గర అద్దం ముందు నిలబడి ఉంటే నా గుండె ఝల్లుమంది. వెళ్ళి చూస్తే జడ వేసుకుంటోంది. చివర రిబ్బను ముడి పడటం లేదని నా చేతికిచ్చి వెనక్కి తిరిగింది.