పొట్లచెరువు కవి కట్టుకొన్న కంచె

పటాన్‌చెరు అనగానే నేటి పాఠకునికి మందుల కర్మాగారాలు, నక్కవాగు మురుగు, 1972లో వెలసిన ఇక్రిశాట్ పొలాలు జ్ఞప్తికి వస్తాయి. గోలకొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలిన కాలంలో (1550–1580) ఈ ఊరు పొట్లచెరువు. ఇక్కడి అధికారి అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన అంకితమిచ్చిన యయాతి చరిత్రమే మన తొలి అచ్చ తెలుగు కావ్యం. సంస్కృతం నుండి రూపం మారకుండా వచ్చిన తత్సమాలను కావ్యంలో అడుగు పెట్టనీయకూడదన్నది కవి తనకు తాను విధించుకొన్న నియమం.

దీనిని భాషాభిమానమని కొందరు, పాండిత్య ప్రదర్శన అని కొందరు తేల్చివేస్తారు. నాకీ రెండూ సరిపోవు. ఆనాటి కవి ముందున్న చిక్కు చూడండి. యయాతి కథను నన్నయ అప్పటికి అయిదు వందల ఏండ్ల క్రితమే ఆదిపర్వంలో చెప్పి ఉన్నాడు. పెద్దన చేతిలో ప్రబంధం పండిపోయింది. 1565లో విజయనగరం కూలిన తరువాత కూడా రామరాజభూషణుడు తిరుమలదేవరాయలకు అంకితంగా, శ్లేషలతో నింపి వసుచరిత్ర రాశాడు. ఆ దారిలో అంతకు మించి పోవడానికి చోటు లేదు. స్త్రీని వర్ణించాలన్నా, ఏరును వర్ణించాలన్నా సమాసాలు సిద్ధంగా ఉన్నాయి. ఇటువంటి వేళ కలం ఆగేది మాటలు లేక కాదు, మాటలు ఎక్కువై. తెలగన ఆ గాదె తలుపు మూసివేశాడు.

మూసివేస్తే ఏమి మిగిలింది? యయాతి కథకు ఆయువుపట్టు మూడు మాటలు: యౌవనం, జర, శాపం. మూడూ తత్సమాలే, మూడూ కంచెకు ఆవలివే. ఈవల దొరికేవి జవ్వనం, ముదిమి, తిట్టు. శాపం అన్నంత వరకు శుక్రుడు మహర్షి. తిట్టు అనగానే కూతురికి సవతిని తెచ్చిన అల్లునిపై మండిపడే మామ. ముదిమి అనగానే అది పురాణంలో శిక్ష కాదు, మన అరుగు మీద దగ్గుతున్న ముసలితనం. కొడుకు వయసును తండ్రి అడిగి పుచ్చుకోవడంలోని ఘోరం ఈ మాటలలో నగ్నంగా నిలుస్తుంది. నియమం కవిని కట్టివేయలేదు, కథ దగ్గరికి తరిమింది.

అట్లని అచ్చ తెలుగు ప్రజల భాష అని పొరబడరాదు. పొట్లచెరువు రైతు ‘దేవుడు’ అన్నాడు, ‘జాగీరు’ అన్నాడు, రెండింటినీ బియ్యంలో రాళ్ళలా ఏరి పారవేయలేదు. ఏరినవాడు కవి, ఒక పని కోసం. ఆ పని మరచి ఏరడమే కావ్యమనుకొన్నప్పుడు విద్య గారడీ అవుతుంది. ఇబ్రహీం కాలపు కవే మరింగంటి సింగరాచార్యుడు పెదవులు కలిసే అక్షరాలు లేకుండా, నిరోష్ఠ్యంగా, రామకథ రాశాడు. ‘రామ’లోనే మకారం ఉన్నది కదా! అందుకే అది ‘దశరథరాజనందన చరిత్ర’ అయింది. నాయకుని పేరే పలకనీయని నియమాన్ని చూసి ఆశ్చర్యపడతాను గాని, దాని వలన రాముడు నాకు మరింత దగ్గర కాలేదు. 18వ శతాబ్దిలో కూచిమంచి తిమ్మకవి అచ్చ తెలుగు రామాయణం నాటికి ఇది ఒక ఆనవాయితీ. తిక్కన ఇంకా తెలివైనవాడు: వచనమే లేకుండా నిర్వచనోత్తర రామాయణం రాశాడు, భారతానికి వచ్చేసరికి ఆ నియమం విడిచి, పదునైదు పర్వాలలో పద్యమూ వచనమూ కలిపి నడిపించాడు.

ఈ చర్చ మనకెందుకంటే, మన గాదె కూడా నిండి ఉంది. పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల మురుగు వివాదం 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ నీటిపై మనం రాసినవి దొంతరలుగా ఉన్నాయి. దోపిడి, కాలుష్యం, శ్రమజీవి అన్న మాటలు ప్రబంధ సమాసాల వలె వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అవి అబద్ధాలు కావు, అరిగిపోయినవి. నక్కవాగు మీద ఒక కథ మొదలుపెట్టి నెలల తరబడి ముందుకు సాగక, ఈ మూడింటినీ నేను నిషేధించుకొన్నాను. కాలుష్యం పోయేసరికి నీళ్ళ రంగు చెప్పవలసి వచ్చింది. రంగు చెప్పాలంటే గట్టు మీద ఎవడో నిలబడాలి. వానికి పొలం ఉండాలి, ఆ పొలంలో నడవని మోటారు ఉండాలి, ఆ నీళ్ళు వదిలే కర్మాగారంలోనే రాత్రి షిఫ్టు చేసే కొడుకు ఉండాలి. కథ యయాతి ఇంటికే చేరుకొన్నది. ఇప్పుడు అందులో కొడుకు తండ్రితో మాట్లాడవలసిన ఘట్టం రాస్తున్నాను.