తరగతి గదిలోకి ఏ బొమ్మల పుస్తకం? – సర్రీ వివాదం (1997–2003), ఎంపిక ప్రమాణాల చరిత్ర

వ్యాస సంగ్రహం:
ఇద్దరు తల్లులు లేదా ఇద్దరు తండ్రులు ఉన్న కుటుంబాలను చిత్రించిన బొమ్మల పుస్తకాలను పసిపిల్లల తరగతిలో ఉపయోగించవచ్చా అనే ప్రశ్న గత నాలుగు దశాబ్దాలుగా అనేక దేశాలలో వివాదాస్పదమైంది. ఈ వివాదాలలో కెనడాలోని సర్రీ నగర పాఠశాల మండలికి సంబంధించినది ప్రత్యేకమైనది. అక్కడి చర్చ పుస్తకం మంచిదా చెడ్డదా అనే దగ్గర ఆగక, పుస్తకాన్ని ఎవరు ఎంపిక చేయాలి, ఏ ప్రమాణంతో ఎంపిక చేయాలి అనే ప్రశ్నదాకా వెళ్లింది. ఆ వివాద క్రమాన్ని, దానికి ముందువెనుకల ఉన్న బ్రిటన్, అమెరికా అనుభవాలను పరిశీలించి, వాటినుంచి భారతీయ, తెలుగు తరగతి గదులకు ఉపకరించే అంశాలను నిర్ధారించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బొమ్మల పుస్తకాలు, బాలసాహిత్యం, పుస్తక ఎంపిక, లౌకికత, స్వలింగ దంపతుల కుటుంబాలు, ట్రాన్స్‌జెండర్ బాలలు, సర్రీ తీర్పు.

1. ఉపోద్ఘాతం:
బొమ్మల పుస్తకం పసివాడు చదివే మొదటి గ్రంథం. అందులో అక్షరం కన్నా ముందు బొమ్మ మాట్లాడుతుంది. అమ్మ, నాన్న, తాత, అమ్మమ్మ, ఇల్లు, బడి అన్నవి ఎలా ఉంటాయో ఆ బొమ్మ ద్వారానే పిల్లలకు తెలుస్తుంది. అమెరికన్ బాలసాహిత్య పరిశోధకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో పిల్లల పుస్తకాలను అద్దాలతోను, కిటికీలతోను పోల్చారు. తన జీవితం కనిపించే పుస్తకం పిల్లవాడికి అద్దం. ఇతరుల జీవితాన్ని చూపే పుస్తకం కిటికీ. నల్లజాతి పిల్లలకు పుస్తకాలలో అద్దాలు కరవైన స్థితిని దృష్టిలో ఉంచుకొని ఆమె చేసిన ఈ ప్రతిపాదన, క్రమంగా బాలసాహిత్య విమర్శలో విస్తృతార్థాన్ని పొందింది. ఇద్దరు తల్లుల దగ్గర పెరిగే పిల్లకు, పుట్టినప్పుడు నమోదైన లింగంతో తనను తాను పోల్చుకోలేని పిల్లకు అద్దం ఎక్కడ దొరుకుతుంది? ఆ అద్దాన్ని బడిలో ఉంచే అధికారం ఎవరిది? ఈ వ్యాసానికి మూలం ఈ రెండు ప్రశ్నలే.

2. పూర్వరంగం – బ్రిటన్ అనుభవం:
డెన్మార్క్ రచయిత్రి సుసానె బోషె రాసిన ఒక చిన్న పుస్తకం 1981లో డేనిష్ భాషలో వెలువడింది. తండ్రితోను, ఆయన సహచరునితోను కలిసి జీవించే ఒక చిన్నారి దైనందిన జీవితాన్ని అది ఛాయాచిత్రాలతో చెబుతుంది. 1983లో 'జెన్నీ లివ్స్ విత్ ఎరిక్ అండ్ మార్టిన్' పేరిట ఆంగ్లానువాదం లండన్‌లో వచ్చింది. 1986లో లండన్ విద్యాధికార సంస్థ ఆధీనంలోని ఉపాధ్యాయ వనరుల కేంద్రంలో ఈ పుస్తకం ఉందన్న వార్తను పత్రికలు పెద్దయెత్తున ప్రచారం చేశాయి. ఉపాధ్యాయుల కోసం ఉంచిన ప్రతి, ప్రజల ఊహలో పిల్లలందరి చేతికీ ఇచ్చిన పాఠ్యపుస్తకంగా మారిపోయింది.

ఈ వాతావరణంలోనే 1988 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలో 28వ సెక్షన్ చేరింది. స్థానిక సంస్థలు స్వలింగ సంబంధాలను ప్రోత్సహించరాదని, అటువంటి సంబంధాన్ని కుటుంబంగా అంగీకరింపజేసే బోధనను బడులలో ప్రోత్సహించరాదని అది నిషేధించింది. ఈ సెక్షన్‌ను స్కాట్లండ్ 2000లోను, ఇంగ్లండ్, వేల్స్ 2003లోను రద్దు చేశాయి. దాని కింద ఒక్కరికీ శిక్ష పడలేదు. అయినా దాని ప్రభావం స్వల్పమైనది కాదు. ఏది నిషిద్ధమో స్పష్టంగా తెలియనప్పుడు ఉపాధ్యాయుడు అనుమానం ఉన్న ప్రతి పుస్తకాన్నీ తానే పక్కన పెడతాడు. చట్టం చేయని నిషేధాన్ని భయం చేసింది. పుస్తక ఎంపిక చరిత్రలో ఇది గమనించవలసిన మొదటి అంశం.

3. సర్రీ – మూడు పుస్తకాలు:
సర్రీ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వాంకూవర్‌కు సమీపంలో ఉన్న నగరం. వివిధ మతాలవారు, విశేషించి పంజాబీ మూలాలవారు, అధిక సంఖ్యలో నివసించే ప్రాంతం. కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పే జేమ్స్ చాంబర్లేన్ అనే ఉపాధ్యాయుడు మూడు బొమ్మల పుస్తకాలను అనుబంధ పఠన సామగ్రిగా ఆమోదించవలసిందిగా పాఠశాల మండలిని కోరాడు. కుటుంబ జీవనం గురించి అయిదారేళ్ల పిల్లలతో మాట్లాడించాలని రాష్ట్ర పాఠ్యప్రణాళికే నిర్దేశించింది. ఆ పాఠానికి ఈ పుస్తకాలు తోడ్పడతాయన్నది ఆయన వాదం. 1997 ఏప్రిల్‌లో మండలి ఆమోదం నిరాకరించింది.

ఆ మూడు పుస్తకాలలో ఏముందో చూడటం అవసరం. 'ఆషాస్ మమ్స్' (1990)లో ఆషా అనే బాలిక బడి నుంచి విజ్ఞాన కేంద్రానికి విహారయాత్రకు వెళ్లవలసి ఉంటుంది. అనుమతి పత్రంపై ఇద్దరు తల్లుల పేర్లు ఉండటంతో ఉపాధ్యాయురాలు అది తప్పుగా నింపిన పత్రమని భావిస్తుంది. 'బెలిండాస్ బుకే' (1991)లో లావుగా ఉన్నావని ఎగతాళికి గురైన బెలిండాకు, తోటలో పూలన్నీ ఒకే తీరుగా ఉండవన్న పోలికతో ధైర్యం చెబుతారు. ఆమె స్నేహితునికి ఇద్దరు తల్లులు ఉండటం కథలో కేవలం ఒక నేపథ్యం. 'వన్ డాడ్, టూ డాడ్స్, బ్రౌన్ డాడ్స్, బ్లూ డాడ్స్' (1994) అంత్యప్రాసలతో సాగే హాస్య రచన. నీలిరంగు నాన్నలు కూడా అందరు నాన్నల వంటివారేనని అది చెబుతుంది. మూడింటిలోనూ లైంగిక విషయ ప్రస్తావన లేదు. ఉన్నది ఇల్లు, బడి, తోట.

మొదటి పుస్తకంలోని కథకు, వివాదానికి ఉన్న సామ్యం గమనార్హం. కథలోని ఉపాధ్యాయురాలు పత్రంలోని గడిలో ఇమడని కుటుంబాన్ని చూసి పత్రమే తప్పన్నది. మండలి కూడా ఇంచుమించు అదే చేసింది.

4. న్యాయస్థానాలలో చర్చ:
1998లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం మండలి నిర్ణయాన్ని కొట్టివేసింది. 2000లో అప్పీలు న్యాయస్థానం మండలి పక్షాన నిలిచింది. చివరకు 2002 డిసెంబర్ 20న కెనడా సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో మండలి నిర్ణయం సహేతుకం కాదని తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్ రాసిన ప్రధాన తీర్పులోని మూడు అంశాలు పుస్తక ఎంపిక దృష్ట్యా ముఖ్యమైనవి.

మొదటిది లౌకికతకు ఇచ్చిన నిర్వచనం. ఆ రాష్ట్ర పాఠశాల చట్టం బడులు పూర్తి లౌకిక సూత్రాలపై నడవాలని చెబుతుంది. అంటే మతవిశ్వాసం గల తల్లిదండ్రుల మాటకు చోటు లేదని అర్థం కాదని న్యాయస్థానం స్పష్టం చేసింది. వారి అభ్యంతరాన్ని మండలి వినవచ్చు, వినాలి. కాని ఒక వర్గపు విశ్వాసాన్ని ఆధారం చేసుకొని మరొక వర్గపు కుటుంబాలకు సమాన గుర్తింపును నిరాకరించరాదు.

రెండవది ప్రమాణానికి సంబంధించినది. పాఠ్యప్రణాళిక లక్ష్యాలు నెరవేరడానికి ఈ పుస్తకాలు అవసరమా అని మండలి ప్రశ్నించింది. అనుబంధ సామగ్రిని అడగవలసిన ప్రశ్న అది కాదు. అవి పాఠానికి సంబంధించినవా, తోడ్పడతాయా అన్నదే ప్రశ్న. అవసరమే గీటురాయి అయితే ప్రపంచంలోని ఏ కథాపుస్తకమూ ఆ పరీక్షలో నెగ్గదు. పైగా, ఎంపికకు తాను రూపొందించుకొన్న నియమావళినే మండలి పాటించలేదని తీర్పు ఎత్తిచూపింది.

మూడవది వయసు. ఇంటిలో ఒకటి, బడిలో మరొకటి వింటే పసిపిల్లలు గందరగోళపడతారని మండలి వాదించింది. భిన్న సమాజంలో ఆ వైరుధ్యం అనివార్యమని న్యాయస్థానం సమాధానమిచ్చింది. తమ ఇంట నిషిద్ధమైన ఆహారాన్ని పక్కవాడు మధ్యాహ్నం తింటుంటే పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారన్న దృష్టాంతాన్ని చూపింది. ఈ దృష్టాంతాన్ని తెలుగు పాఠకునికి వివరించనక్కరలేదు. మన బడులలో భోజనాల వేళ శాకాహారి, మాంసాహారి పిల్లలు ఒకే వరుసలో కూర్చొని నేర్చుకొనే పాఠం అదే.

అసమ్మతి తీర్పును కూడా విస్మరించరాదు. గాంతియే, బస్తరాష్ న్యాయమూర్తులు తల్లిదండ్రుల హక్కుకు ప్రాధాన్యమిచ్చారు. ఈ వయసు పిల్లలకు ఏది తగునో నిర్ణయించే విచక్షణ స్థానికంగా ఎన్నికైన మండలికే ఉండాలని భావించారు. పిల్లవాడిని బడికి పంపిన తల్లిదండ్రులు తమ బాధ్యతను గేటు దగ్గర వదిలి వెళ్లరన్న ఈ వాదంలో బలం ఉంది. అయితే ఇద్దరు తల్లులు ఉన్న పిల్ల తల్లిదండ్రులు కూడా తల్లిదండ్రులేనన్న ప్రశ్నకు ఆ వాదం తృప్తికరమైన సమాధానం ఇవ్వలేదు.

5. తీర్పు తరువాత:
న్యాయస్థానం ఆ మూడు పుస్తకాలను ఆమోదించలేదు. సరైన ప్రమాణాలతో పునఃపరిశీలించమని మండలికే తిప్పి పంపింది. 2003లో మండలి మూడింటినీ మళ్లీ తిరస్కరించింది. ఈసారి చెప్పిన కారణాలలో భాషాదోషాలు, రచనా నాణ్యత వంటివి ఉన్నాయి. అదే సమయంలో స్వలింగ దంపతుల కుటుంబాలు కనిపించే వేరే పుస్తకాలను ఆమోదించింది. దీనిని ఓటమి అని గాని, విజయమని గాని ఒక్క మాటలో చెప్పలేము. పుస్తకాలు మారాయి, అంతకన్నా ముఖ్యంగా, ప్రశ్న మారింది. 'ఇటువంటి కుటుంబం పుస్తకంలో కనిపించవచ్చా' అనే ప్రశ్న ముగిసి, 'ఈ పుస్తకం మంచి పుస్తకమేనా' అనే ప్రశ్న మొదలైంది. రెండవది సాహిత్య ప్రశ్న. దానిని అడిగే హక్కు ఏ ఎంపిక సంఘానికైనా ఉంటుంది.

చరిత్ర ఒకే దిశలో సాగదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం మాంట్‌గొమరీ కౌంటీ పాఠశాలలు 2022లో ఇటువంటి కథాపుస్తకాలను భాషాబోధనలో చేర్చాయి. మొదట అభ్యంతరం ఉన్న తల్లిదండ్రులు తమ పిల్లలను ఆ పాఠాలనుంచి తప్పించే వీలుండేది. 2023లో ఆ వీలును తొలగించారు. వివిధ మతాల తల్లిదండ్రులు వ్యాజ్యం వేయగా, 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 6–3తో వారికి తాత్కాలిక ఉపశమనం కల్పించింది. ముందుగా తెలియజేసి, తప్పించుకొనే అవకాశం ఇవ్వాలన్నది దాని సారాంశం. సర్రీలో పుస్తకం తరగతిలోకి రావచ్చా అన్నది వివాదం. మాంట్‌గొమరీలో పుస్తకం వచ్చాక బయటికి వెళ్లే హక్కు ఉందా అన్నది వివాదం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం చారిత్రకంగా సరికాదు.

6. భారతీయ, తెలుగు సందర్భం:
భారత సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు హక్కును, 2018లో స్వలింగ సంబంధాల నేరరాహిత్యాన్ని ప్రకటించింది. 2023లో తెలంగాణ హైకోర్టు నిజాం కాలంనాటి హిజ్రాల నియంత్రణ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. చట్టంలో వచ్చిన ఈ మార్పు బడిలోకి అంత సులువుగా రాలేదు. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో కలుపుకొనే విధానంపై ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ఉపాధ్యాయ శిక్షణ గ్రంథం 2021లో వెబ్‌సైటులో వెలువడి, అభ్యంతరాల నడుమ కొద్ది రోజులకే కనుమరుగైంది. పుస్తకం పిల్లల చేతికి కాక ఉపాధ్యాయుల చేతికి ఉద్దేశించినదైనా వివాదమైన తీరు 1986 నాటి లండన్‌ను గుర్తుకు తెస్తుంది.

బాలసాహిత్యంలో మాత్రం కొన్ని ప్రయత్నాలు జరిగాయి. కనక్ శశి రచించి, బొమ్మలు గీసిన 'గుఠ్లీ హ్యాజ్ వింగ్స్'ను చెన్నైలోని తూలిక సంస్థ 2019లో ప్రచురించింది. అందరూ అబ్బాయి అంటున్నా తాను అమ్మాయినని చెప్పే గుఠ్లీ కథ అది. అమేయ నార్వంకర్ 'రీతూ వెడ్స్ చాందినీ' (2020) ఇద్దరు యువతుల పెళ్లి ఊరేగింపును ఒక చిన్నారి కళ్లతో చూపుతుంది. ఈ కథలలోని బారాతు, గౌను, పెద్దల కోపం మన పిల్లలకు పరాయివి కావు.

తెలుగు బోధకుడు ఈ చర్చలో తరచు బృహన్నలను ప్రస్తావిస్తాడు. తిక్కన విరాటపర్వం చదివిన జాతికి ఈ విషయం కొత్త కాదన్నది ఆ ప్రస్తావనలోని భావం. అది కొంతవరకే నిజం. బృహన్నల రూపానికి శాపం కారణం, ఏడాది గడువు, చివర గాండీవం. ఆ కథలో పాఠకుడు ఎదురుచూసేది అర్జునుడు వేషం విడిచే క్షణం కోసమే. తానున్న తీరు వేషం కాదని చెప్పదలచిన పిల్లకు ఆ కథ కిటికీ కావచ్చు కాని అద్దం కాజాలదు. కాబట్టి పురాణంలో ఉన్నదన్న మాటతో సమకాలీన పుస్తకం అవసరాన్ని కొట్టివేయలేము.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

1. పుస్తకాన్ని పూర్తిగా చదివిన తరువాతే నిర్ణయం జరగాలి. లండన్‌లో వదంతి పుస్తకం కన్నా ముందు ప్రయాణించింది.
2. ఎంపిక నియమాలు ముందే రాసిపెట్టి ఉండాలి. అన్ని పుస్తకాలకూ ఒకేలా వర్తించాలి. అమ్మానాన్నలున్న కథను అడగని ప్రశ్నను ఇద్దరమ్మలున్న కథను అడగరాదు.
3. అంశం సరైనదైనంత మాత్రాన పుస్తకం మంచిదైపోదు. కథ, బొమ్మ, భాష ఈ మూడింటిలో పస లేని పుస్తకం పిల్లలను ఆకట్టుకోలేదు. 'బెలిండాస్ బుకే' వలె, భిన్న కుటుంబం ఉపదేశంగా కాక నేపథ్యంగా ఒదిగిన కథలకు ఆ శక్తి ఎక్కువ.
4. తల్లిదండ్రులతో సంభాషణ పుస్తకం తరగతిలోకి రాకముందే జరగాలి. అభ్యంతరం వినడం వేరు, దానికి లొంగడం వేరు. సర్రీ తీర్పు గీసిన గీత అదే.

తెలుగులో తూలిక, మంచి పుస్తకం వంటి సంస్థల కృషితో బొమ్మల పుస్తకాలు బడులకు చేరుతున్నాయి. వాటి ఎంపికలో బోధనాచార్యుల, పరిశోధకుల పాత్ర ఇకముందు పెరుగుతుంది. ఆషా కథలో వివాదం ఒక పత్రంలోని గడి దగ్గర మొదలైంది. మన బడి ప్రవేశ పత్రాలలోనూ తల్లి పేరు, తండ్రి పేరు అనే రెండు గడులున్నాయి. ఆ గడులలో ఇమడని పిల్ల ఏదో ఒక తరగతిలో ఇప్పటికే కూర్చొని ఉండవచ్చు. ఎంపిక సంఘం ఆ పిల్లను కూడా దృష్టిలో ఉంచుకొని పుస్తకాల జాబితా రాయాలన్నదే ఈ చరిత్ర నేర్పే పాఠం.