కత్తీ, దువ్వెనా!

ఆడబొమ్మ చేతికి కత్తి ఇవ్వడానికి కంపెనీవాళ్లు ఎంత మొహమాటపడ్డారో చూడండి. మాటెల్ సంస్థ 1982లో మగపిల్లల కోసం హీ-మ్యాన్ బొమ్మలు తెచ్చింది. 1985లో అతనికో కవల సోదరిని కల్పించారు. ఆవిడే షీ-రా. కార్టూన్ 93 భాగాలు వచ్చింది. బొమ్మ మాత్రం అయిదున్నర అంగుళాలే! కత్తి ఇచ్చారు, డాలు ఇచ్చారు, దువ్వుకునే జుట్టు పెట్టి పక్కన ఓ దువ్వెనా ఇచ్చారు. అన్నగారికి దువ్వెన అక్కర్లేదు కాబోలు! లోకాన్ని రక్షించే పిల్లకైనా తల చెదరకూడదన్నమాట.

1987కల్లా ఆ బొమ్మల తయారీ ఆగిపోయింది. పాతవాటిని వెతికి పోగుచేసే పిచ్చి మా అమ్మాయిది. పటేల్‌గూడలో మా ఇంటి సంక్రాంతి కొలువులో కొండపల్లి బొమ్మల సరసన మూడు షీ-రాలు నిలబడతాయి. వెనక మెట్టు మీద మహిషాసురమర్దిని. ఆవిడ చేతుల నిండా ఆయుధాలే, ఒక్క దువ్వెనా లేదు!

చిన్న వస్తువులు కదా, ఇన్నేళ్లలో ఎక్కడో జారిపోతాయి. అన్నీ ఉన్న బొమ్మకే గిరాకీ. మావాటిలో రెండింటికి దువ్వెనలున్నాయి. కత్తి ఒక్కదానికే. మిగతా రెండింటికీ అట్టముక్కతో కత్తులు చేస్తోంది మా పిల్ల.