గ్యాసు సుతారి చెప్పిన ముచ్చట

మంటకు ఇంకింత దగ్గరికి జరుగుర్రి. ఆ మొద్దును లోపలికి నూకు బిడ్డా, పొగ తగ్గుతది. తాతా, నువ్వు వయసుల ఉన్నప్పుడు ఏం పని చేస్తుంటివి అని అడిగినవు గద? సుతారి పని. ఇండ్లు కట్టిన, గోడలు లేపిన. గాని పేరొచ్చింది మాత్రం గోబర్ గ్యాసులతోని. చుట్టుపక్కల ఊర్లల్ల గ్యాసు సుతారి అంటె నేనే.

అప్పట్ల వంటంటె కట్టెల పొయ్యే. ఎండకాలం పత్తికట్టె, కందికట్టె దొరికేది. వానకాలం వస్తె ఆడోళ్ల గోస చెప్పరాదు. నానిన కట్టె మండది, పొగ వెట్టుకుంట కూసుంటది. ఊదుగొట్టం వట్టి ఊది ఊది మీ ముత్తవ్వ కండ్లు ఎర్రగ అయ్యేటియి. వంటింటి వాసాలన్నీ నల్లగ మసి పట్టి ఉంటుండె. కట్టె లేనప్పుడు పిడకలు. గది తలుసుకుంటె ఇప్పటికీ నా పానం కలుక్కుమంటది. బర్రె పెండ పొలానికి పోతె ఎరువు, పొయ్యిలకు పోతె బూడిద. ఏదో ఒక్కటే దక్కుతది. గోబర్ గ్యాసంటె పెండను నీళ్లల్ల కలిపి గాలి సొరకుంట కుళ్లబెట్టి గ్యాసు పట్టుడు. అది అట్ల గాదు, పొయ్యికి మంట, పొలానికి ఎరువు రెండూ ఇచ్చింది. గ్యాసై పోయేది పెండల ఉన్న కర్బనం. పంటకు కావల్సిన నత్రజని మిగిలిన పెండనీళ్లల్లనే ఉంటది, దాన్నే స్లర్రీ అంటరు. ఈ ఒక్క సంగతి తెలిసినంక నేను ఆ పని ఇడువలేకపోయిన.

గోబర్ గ్యాసు కట్టుడు నేర్పిన ట్రైనింగుల మాకు దాని పుట్టుక గూడ చెప్పిండ్రు. 1897లనే బొంబాయి మాతుంగ కాడి కుష్ఠు రోగుల ఆశ్రమంల మలం కుళ్లబెట్టి గ్యాసు పట్టిండ్రట. తర్వాత చానా ఏండ్లకు జశ్‌భాయ్ పటేల్ అనే ఆయన ఇనుప డ్రమ్ము మోడల్ తయారు చేస్తె, ఖాదీ కమిషనోళ్లు దాన్ని 1960ల నుంచి ఊర్లల్లకు తెచ్చిండ్రు. గుండ్రటి బొంద తవ్వి, ఇటుక గోడ కట్టి, మీద డ్రమ్ము బోర్లిస్తరు. గ్యాసు నిండుతుంటె డ్రమ్ము పైకి లేస్తది, వాడుతుంటె దిగుతది. ఎంతున్నదో కంటికి కనబడ్తది, గది దాని సుఖం. కష్టం ఏందంటె, ఇనుము. గ్యాసుల ఉన్న గంధకం దాన్ని తింటది. ఏటేటా రంగు వెయ్యకపోతె తుప్పు పట్టి చిల్లులు పడ్తది.

1978ల ఉత్తరప్రదేశ్ దిక్కు డ్రమ్ము లేకుంట జనతా మోడల్ వచ్చింది. 1984ల ఢిల్లీకి చెందిన అఫ్‌ప్రో అనే సంస్థ దీనబంధు అనే మోడల్ తెచ్చింది. నా చెయ్యి తిరిగింది దీన్ల. అంతా భూమిలనే, ఇటుక గుమ్మటం. సెంట్రింగ్ లేదు, కింద ఆసరా లేదు. బొంద నడిమిట్ల మేకు కొట్టి, దానికి కొలత కట్టెను తగిలించి, ఒక్కొక్క ఇటుకను ఆ కొలతకు పెట్టుకుంట గుండ్రంగ తిరిగి రావాలె. చివరి ఇటుక పడేదాక ఆ వరుస పడిపోతదేమో అన్నట్టే ఉంటది. పడినంక ఎవ్వలు తొక్కినా కదలదు. మీదికి పోయినకొద్ది వరుసలు చిన్నగైతయి, కొసకు గ్యాసు పైపు. లోపటి దిక్కు సిమెంటు పూతలు ఒకటి మీద ఒకటి వేసి, మీద రంగు. సూది మొనంత సందున్నా గ్యాసు నిలవదు. బొంద నీళ్లతోని నింపి, కారుడు లేదని చూసినంకనే పెండ పొయ్యనిచ్చేటోన్ని. పైపును బొంద దిక్కు వాలుగ వెయ్యాలె, లేకుంటె ఆవిరి నీళ్లు మధ్యల నిలిచి గ్యాసును ఆపుతయి. జాయింట్లకు సబ్బు నురుగు రాస్తె బుడగలొచ్చిన కాడ కారుతున్నట్టు.

ఇగ లెక్క ఇనుర్రి. కిలో పెండకు సుమారు 40 లీటర్ల గ్యాసు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు దినాం 50 కిలోల పెండ, అంతే నీళ్లు కావాలె. అంటె నాలుగు గొడ్లన్నా ఉండాలె. గంతైతె నలుగురైదుగురు ఉన్న ఇంటికి రెండు పూటల వంట ఎల్తది. లోపల పని చేసేది కంటికి కనబడని పురుగులు, గొడ్డు కడుపుల ఉండే జాతియే. గాలి తగిలితె అవి బతకవు, సబ్బు నీళ్లు పోస్తె చస్తయి, చలికి మందగిస్తయి. చలికాలంల గ్యాసు తక్కువొస్తె ప్లాంటు పాడైందనుకుని నా మీదికి వచ్చేటోళ్లు. మొదటొచ్చే గ్యాసు గూడ మండది. దాన్ని ఇడిచిపెట్టాలె, దాని కాడికి అగ్గి తేవొద్దు. తర్వాత నీలిమంట వస్తది. గిన్నె దించి అడుగును చేత్తోని రాసి చూసేటోళ్లు ఆడోళ్లు, మసి అంటలేదని.

గోబర్ గ్యాసుకు సర్కారు జాతీయ ప్రాజెక్టు 1981-82ల మొదలైంది, సబ్సిడీ ఇచ్చిండ్రు. మంచి కాలం గది. గాని ఒక సంగతి దాయను. లెక్క నింపెటందుకు గొడ్లు లేని ఇండ్లల్ల గూడ కట్టించిన కాలం ఉండె. నీళ్లు కిలోమీటరు అవతలి నుంచి మోసుకొచ్చే ఇంట్ల గోబర్ గ్యాసు ఏం నడుస్తది? అవి కొన్నాళ్లకే చెత్తబొందలైనయి. ఊరోళ్లు మోడల్‌ను తిట్టిండ్రు.

మంచిగ నడిచిన ప్లాంట్లు గూడ తర్వాత ఆగిపోయినయి. ఎందుకంటె ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయినయి. 1999ల సర్కారు దీపం పథకం కింద వంటగ్యాసు సిలిండర్లు వచ్చినయి. పోరగాళ్లు హైద్రాబాదుకు, గల్ఫుకు పోయిండ్రు. ఇవన్నీ నిజమే. గాని నేను కళ్లార చూసిన కారణం ఇంకోటి ఉన్నది. దినాం పెండ కలిపేది ఎవరు? పొగ పోయిన సుఖం ఆడోళ్లదేనని అందరూ చెప్పిండ్రు గని, కొత్త చాకిరి గూడ వాళ్ల నెత్తినే వేసిండ్రు. పాలు పిండి, వండి పెట్టి, కలుపుకు పోయి వచ్చిన మనిషి మళ్ల 50 కిలోల పెండ కలపాలె. ఏ ఇంట్ల మొగోడు గూడ చెయ్యి పెట్టిండో ఆ ఇంట్ల ప్లాంటు ఏండ్లకేండ్లు నడిచింది. ఏ ఇంట్ల పెట్టలేదో అక్కడ ఎండిపోయింది. ఇటుక, సిమెంటు రెండు ఇండ్లల్ల ఒక్కటే.

ఇప్పుడు పెండ లేకున్నా పనైతదంటున్నరు, నిజమే. పుణెల ఆర్తి అనే సంస్థ వంటింటి చెత్తతోని నడిచే చిన్న ప్లాస్టిక్ డ్రమ్ముల ప్లాంటు చేసింది. మొదలు పట్టించడానికి కొద్దిగ పెండ వేస్తె చాలు, తర్వాత మిగిలిన అన్నం, గంజి, కుళ్లిన పండ్లు. కిలోకు కిలో చూస్తె పెండకంటె ఇవే ఎక్కువ గ్యాసిస్తయి, ఎందుకంటె పెండలున్న సత్తువ సగం బర్రె ముందే తినేసింది. ఒక్కసారే ఎక్కువ వేస్తె మాత్రం పులిసిపోయి గ్యాసు ఆగుతది. హైద్రాబాదుల బోయినపల్లి కూరగాయల మార్కెట్ల దినాం 10 టన్నుల చెత్త మీద 500 యూనిట్ల దాక కరెంటు తీస్తున్నరు. ఆ విద్య ఇచ్చింది తార్నాకలున్న ఐఐసీటీ అనే పరిశోధన సంస్థ.

పాల కోసం బర్రెలు మళ్ల పెంచుతున్నరు మన దిక్కు. పెండ రోడ్డు పక్కన కుప్పలై వానకు కొట్టుకపోతున్నది, పొలాలకు యూరియా బస్తాలు దిగుతున్నయి. ఇగ ఊకె చూసుకుంట కూసోవద్దు. నాలుగు బర్రెలు, బోరు నీళ్లు, దినాం అరగంట చెయ్యి పెట్టే మొగోడు ఉన్న ఇల్లు మీకు ఎరుకైతె నాకు చెప్పుర్రి. నా మోకాళ్లు బొందలకు దిగనియ్యవు గని, గట్టు మీద కూసోని కొత్త పిలగాండ్లకు గుమ్మటం వరుస తిప్పుడు నేర్పుత.